నాలుగో చీటీ

జిరాక్సు కొట్టు మీద ఉన్న గది చదరంగం సంఘానిది. మధ్యాహ్నం రెండు దాటింది. పంతొమ్మిదేళ్ళుగా ఈ గదిలో తనకు ఎదురు లేదని తిరిగిన టైపు మాస్టారు పొద్దున ఫైనల్లో మొదటి ఆటను ఒక నర్సమ్మకు అప్పగించి కూర్చున్నారు. రెండో ఆట నాలుగింటికి. ఈలోగా ఆయన పెట్టుకున్న పని ఫిర్యాదు రాయించడం. రాస్తున్నది సంఘం కార్యదర్శి. కింద జిరాక్సు కొట్టు ఆయనదే, పైగా మాస్టారికి స్వయానా బావమరిది. మాస్టారి భార్య మెట్లెక్కి వచ్చేదాకా ఇక మాటలన్నీ వాళ్ళవే.

"రాయి. 'సదరు కార్యదర్శి కుట్ర పన్ని...'"

"సదరు కార్యదర్శి అంటే నేనే కదా బావగారూ."

"అవును, నువ్వే. రాయి."

"నా మీద ఫిర్యాదు నాచేతే రాయిస్తున్నారు."

"నా చేతిరాత ఎవడికీ అర్థం కాదు. ముప్పై ఏళ్ళు మిషను మీద కొట్టినవాణ్ణి, పెన్ను పట్టుకుంటే వేళ్ళు తిరగవు. నువ్వు రాయి. 'కుట్ర పన్ని, నా ప్రత్యర్థితో కుమ్మక్కై...' ఆవిడ ఏం చేస్తుందన్నావు?"

"ఆపరేషన్ల వార్డులో నర్సు. మీకు తెలుసు. ఏడాదిన్నరగా వారం వారం వస్తోంది."

"నాకేం తెలుసు, వచ్చేపోయేవాళ్ళందరి లెక్కా నాకెందుకు? 'సూదులు పొడుచుకునే ఒక మనిషితో కుమ్మక్కై' అని రాయి."

"అట్లా రాస్తే జిల్లాలో పై సంఘం వాళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ. చీటీలు తీసి చదరంగం ఆడుకోవచ్చన్నది వాళ్ళే కదా, వాళ్ళకి నవ్వడం తప్ప ఇంకేం చేతనవును? చీట్ల చదరంగం. ఆ మాట అంటుంటేనే నోరు కడుక్కోవాలనిపిస్తోంది. ఏనుగు నడిమధ్యన, గుర్రం మూలన, రాజుగారు ఎక్కడున్నారో రాజుగారికే తెలీదు. అది ఆటా? ఇల్లు మారేటప్పుడు లారీలోంచి దింపిన సామాను."

"ముందు బంట్లు మామూలుగానే ఉంటాయి కదా. వెనక వరస ఒక్కటే మారేది. అదీ ఇద్దరికీ ఒకేలా."

"ఇద్దరికీ ఒకేలా చెత్త. చాలా న్యాయం."

"ఓటు పెట్టాం బావగారూ. పద్నాలుగు మంది కావాలన్నారు, ముగ్గురు వద్దన్నారు."

"ఆ పద్నాలుగు మందికీ చదవడం బద్ధకం. నా దగ్గర పదకొండు ఫైళ్ళున్నాయి. ఏ ఎత్తుకి ఏ ఎత్తు వెయ్యాలో మొత్తం టైపు చేసి, ఎర్ర రిబ్బనుతో గీతలు కొట్టి పెట్టుకున్నాను. ఈ చవటల్లో ఒక్కడైనా ఒక్క పేజీ చేశాడా?"

"వాళ్ళన్నదీ అదే. మాస్టారితో కూర్చుంటే పదిహేనో ఎత్తు దాకా ఆడేది మాస్టారు కాదు, ఆయన ఫైలు. ఫైలుతో ఆడటానికి మేమెందుకు అని."

"ఎవడన్నాడా మాట?"

"అందరూ అన్నారు."

"పోస్టుమానా?"

"అందరూ అంటున్నాను కదా."

"పోస్టుమానే అయ్యుంటాడు. ఎదుటివాడి గుర్రం ఎటు దూకుతుందో ఇంటింటికీ వెళ్ళి అడిగొచ్చే రకం వాడు. సరే, ఇది రాయి. ముందు ఇది రాయి. నేను ఓడిపోలేదు. నన్ను ఓడగొట్టారు."

"ఓడగొడితేనే కదా బావగారూ ఓడిపోయేది."

"నాకు ఎదురు చెప్పకు. పావులు మార్చారు. నేను టీకి దిగినప్పుడు నా రాజునీ మంత్రినీ అటూ ఇటూ మార్చి పెట్టారు. మార్చింది నువ్వు. మార్పించింది ఆవిడ. ఇదీ ఫిర్యాదు."

"ఇది పై సంఘానికి వెళితే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు. నీ పదవి ఊడుతుంది."

"నాది పోతే పోనీండి. ఆవిడని రెండేళ్ళు ఎక్కడా ఆడనివ్వరు. పావులు మార్చిన మనిషి అని పేరు పడిపోతుంది."

"పడనీ. నా పంతొమ్మిదేళ్ళ పేరు పోతుంటే ఆవిడ ఏడాదిన్నర పేరు గురించి ఏడవమంటావా?"

"ఏడవమనను. మరి నాలుగింటికి ఆట సంగతి?"

"ఆడను. ఫిర్యాదు తేలేదాకా కుర్చీలో కూర్చోను."

"కూర్చోకపోతే కప్పు ఆవిడకే వెళ్ళిపోతుంది. రూలు."

"అందుకే తొందరగా రాయమంటున్నాను. మూడున్నరకల్లా ఇది అందిందంటే ఆట ఆగుతుంది."

"సరే. అయితే వరసగా చెప్పండి. రాసేవాణ్ణి, ఉన్నదున్నట్టు రాయాలి కదా. పొద్దున ఏం జరిగింది?"

"గ్లాసులో ఎనిమిది చీటీలు వేశావు."

"వేశాను. ఎనిమిది చీటీలు, ఎనిమిది పావుల పేర్లు."

"ఒక్కోటి తీసి పైకి చదివావు. తెల్లపావుల ఎడమ చేతి మూల నుంచి వరసగా పెట్టాలి. మొదటిది ఏనుగు. రెండోది గుర్రం. మూడోది శకటు. అంటే ఏమైంది? మా తాత ఆడిన వరస. మా నాన్న ఆడిన వరస. మీ చీటీలకే సిగ్గేసి పాత దారికొచ్చాయి."

"ఆ మాట అందరి ముందూ అన్నారు."

"అన్నాను. ఇప్పుడూ అంటాను."

"ఇంకా ఏదో అన్నారు. ఆవిడ వైపు తిరిగి."

"ఏమన్నాను? 'అమ్మా, మీ అదృష్టం కూడా నా పక్షానే ఉంది, ఇంటికెళ్ళి పడుకోండి' అన్నాను. సరదాకి."

"ఆవిడ నవ్వలేదు."

"ఆవిడకి సరదా తెలీదు. తర్వాత టీకి దిగాను."

"ఎన్నో చీటీ దగ్గర దిగారు?"

"అన్నీ అయ్యాక."

"అన్నీ అయ్యాకా?"

"దాదాపు."

"దాదాపు అంటే?"

"నువ్వేమన్నా ప్లీడరువా? టీకి దిగాను. దిగినప్పుడు దిగాను."

"మూడో చీటీ దగ్గర దిగారు బావగారూ. నేను నాలుగోది గ్లాసులోంచి తీస్తున్నాను, 'ఇంక చదవక్కర్లేదు, తెలిసిపోయింది' అని చెప్పులేసుకున్నారు."

"మూడు అట్లా వచ్చాక నాలుగోది ఏమొస్తుంది మరి? మంత్రే వస్తుంది."

"రాజు వచ్చింది."

"మంత్రి."

"నాలుగోది రాజు. ఐదోది మంత్రి. మిగతా మూడూ మళ్ళీ మామూలే. శకటు, గుర్రం, ఏనుగు."

"అదే. అదే నేననేది. అంత దగ్గరగా వచ్చి అక్కడ తిరగబడటం ఏమిటి? అది చీటీ చేసిన పని కాదు, మనిషి చేసిన పని."

"ఏడుగురు చూశారు. పోస్టుమాను చూశాడు, తాళాలాయన చూశాడు, దంతాల డాక్టరు చూశాడు..."

"దంతాల డాక్టరు సాక్ష్యం చెల్లదు. నేనంటే వాడికి కడుపుమంట."

"సరే, సాక్ష్యాలు వద్దు. ఇది చూడండి. వరస కాయితం. ఎనిమిది పేర్లూ వరసగా రాసి ఇద్దరి చేతా సంతకం పెట్టిస్తాం కదా. ఆట మొదలవ్వకముందే. ఇది ఆవిడ సంతకం. ఇది మీది."

"ఇది నాది కాదు."

"మీదే."

"ఈ కోడిగీతలు నావంటావా?"

"మీ చేతిరాత ఎవడికీ అర్థం కాదని మీరే అన్నారు. ఇది ఎవడికీ అర్థం కావడం లేదు. మీదే."

"ఏదీ, ఇటు తిప్పు చూద్దాం."

"చదవకుండా పెట్టారు."

"పంతొమ్మిదేళ్ళుగా నేను ఏ కాయితం చదివి పెట్టానని? ఈ సంఘం మొదలెట్టిందే నేను. నా ఇంట్లో తలుపు తీసేముందు నేను నంబరు చూసుకుంటానా?"

"అదీ రాయమంటారా?"

"వద్దు. నువ్వు నోరు మూసుకో. ఇది రాయి. ఒకవేళ, ఒకవేళ అంటున్నాను, చీటీ ప్రకారమే పెట్టారనుకో. అయినా ఎదుటి మనిషికి మర్యాద ఉండాలి కదా? మీ పావులు ఇట్లా ఉన్నాయండీ, చూసుకోండి అని ఒక్క మాట అనొద్దూ? అనకుండా నక్కి కూర్చుంది. అది మోసం కాదా?"

"అనలేదంటారా?"

"అనలేదు. నమస్కారం పెట్టింది, అంతే."

"నమస్కారం తర్వాత?"

"తర్వాత గడియారం నొక్కింది."

"మధ్యలో?"

"మధ్యలో ఏం లేదు."

"'మాస్టారూ, పావులు ఒక్కసారి చూసుకుంటారా' అంది. నేను పక్కనే ఉన్నాను."

"నాకు వినపడలేదు."

"వినపడకపోతే జవాబెట్లా చెప్పారు?"

"నేను జవాబు చెప్పానా?"

"'నువ్వు సూది గుచ్చేముందు నరం చూసుకోమ్మా, నాకు చూసుకోవాల్సిన పని లేదు' అన్నారు. గది మొత్తం విన్నది."

"అది... అది ఆట మొదట్లో ఎవరైనా అనే మాటే."

"ఎవరూ అనరు."

"ఒరేయ్, నా దగ్గర టైపు నేర్చుకున్నవాళ్ళని అడుగు. మీటల మీద అట్టముక్క కప్పి కొట్టించేవాణ్ణి. తల వంచి చూసినవాడికి సర్టిఫికెట్ ఇచ్చేవాణ్ణి కాదు. వేలికి తెలియాలి. కంటితో వెతుక్కునేవాడు జీవితాంతం వెతుక్కుంటూనే ఉంటాడు. బల్ల దగ్గరా అంతే. నేను ఏడు ఎత్తులు అర నిమిషంలో వేశాను. ఆవిడ? ఒక్కో ఎత్తుకీ ఐదేసి నిమిషాలు. బల్లకి జ్వరమొచ్చినట్టు చూస్తూ కూర్చుంటుంది. అది ఆడటమా?"

"ఏడో ఎత్తు ఏమిటో చెప్పండి. రాసుకుంటాను."

"కోట కట్టాను. రాజుని రెండు గళ్ళు పక్కకి జరిపి, ఏనుగు చాటున దాచి..."

"మంత్రిని."

"రాజుని అనుకుని."

"మంత్రిని ఎత్తి మూల దగ్గర కూర్చోబెట్టారు."

"రాజు ఉండాల్సిన గడిలో మంత్రి ఉంటే అది నా తప్పా?"

"ముట్టుకున్న పావు కదపాల్సిందే. మంత్రి ఆ మూలన ఇరుక్కుంది, రాజు నడివీధిలో నిలబడ్డాడు. ఇక్కడ ఆ రూలు అట్ట మీద రాయించి గోడకి కొట్టించింది ఎవరు?"

"మంచి రూలు అది."

"ఎవరు కొట్టించారు?"

"నేనే. అయితే?"

"పన్నెండేళ్ళ కిందట దంతాల డాక్టరు చెయ్యి జారి ఏనుగుని తాకాడు. కదిపి తీరాలని కూర్చున్నారు. ఆయన బతిమాలాడు."

"బతిమాలేవాడు చదరంగానికి రాకూడదు, పళ్ళు పీక్కుంటూ ఇంట్లో ఉండాలి."

"ఆవిడ మిమ్మల్ని ఆ ఎత్తు వెనక్కి తీసుకోమంది."

"ఏమంది?"

"'కావాలంటే వెనక్కి తీసుకోండి మాస్టారూ, నేనేం అనుకోను' అంది. మీ మొహం ఎర్రబడిపోయింది. వినపడలేదేమో."

"వినపడింది."

"మరి తీసుకోవాల్సింది."

"ఆవిడ ఇచ్చేదేమిటి, నేను తీసుకునేదేమిటి? ఏడాదిన్నర మనిషి దగ్గర... ఎవరది, మెట్ల మీద?"

"నేనే. ఈ మెట్లెక్కేసరికి ప్రాణం పోయింది. మాత్ర వేసుకోకుండా వచ్చేశారు. ఇదిగో మంచినీళ్ళు, ఇదిగో మాత్ర."

"అక్కా, కూర్చో."

"కూర్చుంటాను గానీ, ఆ కాయితం ఏమిట్రా? మీ బావ ఏదో రాయించుకుంటున్నారు, ఏమిటది?"

"ఏం లేదు. నీకెందుకు?"

"నా మీద ఫిర్యాదక్కా. నేను కుట్ర పన్నానట. ఇప్పటికి అంతవరకే వచ్చింది."

"ఇలా తే. 'సదరు కార్యదర్శి'... 'సూదులు పొడుచుకునే'... ఏవండీ, మీకేమైనా మతి పోయిందా?"

"నువ్వు కలగజేసుకోకు. నీకు బంటుకీ శకటుకీ తేడా తెలీదు."

"తెలీదు. కానీ మీరు తెలుసు. ముప్పై రెండేళ్ళలో కంచంలో ఏముందో ఒక్కసారన్నా చూసి తిన్నారా? నిన్న వంకాయ పెడితే ఇవాళ బెండకాయ బాగుందన్నారు. ఎవరో వచ్చి మీ రాజుని మార్చాల్సిన పనేముంది? ఇంట్లో బీరువా మార్చి ఆరు నెలలైంది, ఇప్పటికీ వెళ్ళి గోడకి గుద్దుకుంటారు."

"బీరువా సంగతి ఇక్కడెందుకు?"

"కింద ఎవరితో మాట్లాడావక్కా ఇంతసేపూ? గొంతు వినిపించింది."

"ఆవిడతోనే. మీ కొట్లో మిషను పక్కన బల్ల మీద కూర్చుని అన్నం తింటోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. పాపం మంచి మనిషిరా."

"పాపం ఏమిటి, పాపం? గెలిచినావిడకి పాపమేమిటి?"

"ఆవిడకి కాదండీ. మీకు. ఆవిడే అంది పాపమని."

"ఎవర్ని?"

"మిమ్మల్నే. ఒరేయ్, నీకు చెప్పమంది. రెండో ఆటకి చీటీలు వద్దట. మాస్టారికి అలవాటైన పాత వరసే పెట్టెయ్యమంది. తనకేం ఇబ్బంది లేదంది."

"చీటీలు వద్దందా? నిజంగా అందా అక్కా?"

"రెండుసార్లు చెప్పింది."

"చూశావురా? చూశావా? తప్పు చేసినవాళ్ళే సంధికొస్తారు. ఇది రాయి, కింద రాయి. 'ప్రత్యర్థి తనంతట తానే...'"

"సంధి కాదండీ."

"మరేమిటి?"

"'మీ ఆయన రాజనుకుని మంత్రిని ఎత్తేశారక్కా' అంది. 'మా వార్డులో పెద్దవాళ్ళకి మంచం గోడవైపు నుంచి కిటికీ వైపు మార్చినా చాలు, ఎటు దిగాలో తెలీక కింద పడిపోతారు. అలవాటైన చోటే పడుకోబెడతాం. ఆయనకీ అట్లాగే పెడదాం' అంది. మీరు ముందు మాత్ర వేసుకోండి."

"వేసుకుంటాను."

"బావగారూ, ఇద్దరూ ఒప్పుకుంటే పాత వరస పెట్టడానికి రూల్లో వీలుంది. నాకేం అభ్యంతరం లేదు. మీరు అడిగింది అదే కదా. ఆరు నెలలుగా అదే కదా అడుగుతున్నారు."

"అవును."

"మరి పెట్టెయ్యనా?"

"పెట్టు. పెట్టెయ్. పెద్దవాళ్ళని మంచం మీద పడుకోబెడుతుందట. పాత వరసలో నా ముందు ఆవిడ నిలబడుతుందా? ఫైలు నంబరు నాలుగు చాలు. పద్దెనిమిది ఎత్తుల్లో ఆవిడ చేతే రాజుని పడుకోబెట్టిస్తాను. పెట్టు."

"అయితే ఈ ఫిర్యాదు?"

"ఆగు. ఆవిడ ఎట్లా ఉంది?"

"ఎట్లా ఉండటమేమిటండీ? అన్నం తింటోందని చెప్పాను కదా."

"కంగారుగా లేదూ?"

"లేదు."

"పుస్తకమేమైనా చదువుతోందా? ఎత్తులేవైనా రాసుకుంటోందా?"

"లేదండీ. మీ మాత్రల పట్టీ చూసి, ఇది తిన్నాక వేసుకోవాలి, అది తినకముందు వేసుకోవాలి అని చెప్పింది."

"ఒరేయ్."

"చెప్పండి బావగారూ."

"ఆవిడ పాత వరసలో ఆడిందా ఎప్పుడైనా?"

"ఆడకపోవడమేమిటి? ఏడాది పాటు అదే ఆడింది. చీటీలు వచ్చింది మొన్న మొన్ననే కదా."

"ఎవరితో?"

"పోస్టుమానుతో. తాళాలాయనతో. దంతాల డాక్టరుతో చాలాసార్లు."

"ఏమైంది?"

"గెలిచింది."

"ఎవరి మీద?"

"అందరి మీదా."

"డాక్టరు మీద కూడానా? వాడు నాతో ముప్పై అయిదు ఎత్తుల దాకా నిలుస్తాడు."

"ఆవిడతో ఇరవై దాటలేదు."

"నాకెవరూ చెప్పలేదే."

"ఈ గదిలోనే ఆడింది బావగారూ. మీరు ఆ కిటికీ దగ్గర కుర్చీలో పేపరు చదువుకుంటూ ఉండేవారు. ఒకసారి ఆవిడ మిమ్మల్ని ఒక ఆటకి రమ్మని అడిగింది కూడా."

"నేనేమన్నాను?"

"'ముందు పావుల పేర్లు నేర్చుకోమ్మా' అన్నారు. సరే, మూడున్నర అవుతోంది. పాత వరస పెట్టేస్తున్నాను మరి. ఏనుగు, గుర్రం, శకటు..."

"ఆగరా."

"మంత్రి నాలుగో గడిలో, ఈసారి చూసుకోండి..."

"ఆగమన్నానా? అవి తీసెయ్. గ్లాసు ఎక్కడ?"

"ఏ గ్లాసు?"

"చీటీల గ్లాసు. పట్రా."

"పాత వరస పెట్టమన్నారు కదండీ ఇప్పుడే. ఆవిడ ఒప్పుకుంది, వీడు ఒప్పుకున్నాడు, ఇంకేం కావాలి?"

"నువ్వు కాసేపు మాట్లాడకు. ఒరేయ్, చీటీలే తియ్యి."

"మరి ఈ ఫిర్యాదు కాయితం?"

"వెనక వైపు ఖాళీగానే ఉంది కదా. వరస దాని మీద రాసుకో."

"ఇదేమిటండీ? పొద్దున్నుంచీ చీటీలు ఆట కాదు, చెత్త, లారీ సామాను అని కదా ఈ గోలంతా. ఇప్పుడు తీయమంటారేమిటి?"

"చీటీల్లో ఓడిపోతే చీటీలని తిట్టుకుంటూ బతికేస్తానే. పాత వరసలో కూడా ఓడిపోతే దేన్ని తిట్టుకోను?"